గుడ్డ పరిస్తే ఒక రేటు

నాకు కోపం ఎక్కువని మా ఆయన పదిమందిలో చెప్పుకుంటాడు. ఎక్కువే. కాదని నేనెప్పుడన్నాను? పదిహేనేళ్లపాటు టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ మనిషికి కోపం రాకపోతే ఇంకేమొస్తుంది?

మా ఆయన వాషింగ్ మెషీన్ల మెకానిక్. నేను ఆయన వెనకాల సంచి మోసుకుంటూ వెళ్లే మనిషిని. ఆయన మెషీను వెనక రేకు విప్పి లోపలికి తల దూరుస్తాడు. నేను ఒక చేత్తో టార్చి వేస్తాను, రెండో చేతిలో డబ్బా మూత పట్టుకుంటాను. విప్పిన మరలన్నీ ఆ మూతలో వేస్తాడు. "ఇటు... కొంచెం అటు... అబ్బా, నా కళ్లలోకి కాదే!" అంటూ ఉంటాడు. ఈ పదిహేనేళ్లలో మెషీను లోపల ఆయన ఏం చూశాడో అదంతా నేనూ చూశాను. ఆయన తల అడ్డం వచ్చినప్పుడు మెడ సాచి మరీ చూశాను.

ఆ మధ్య ఒక ఇంట్లో మూడో అంతస్తులో, లోపలి నీళ్లు తీసేయకుండానే మెషీను పక్కకి జరపబోయాడు. వద్దండీ, ముందు పైపు కిందకి పెట్టి నీళ్లు వదిలేద్దాం అన్నాను. "నాకు చెప్తున్నావా?" అన్నాడు. అంతే, నడుములో కటుక్కుమంది. అలా వంగినవాడు వంగినట్టే ఉండిపోతే ఆ ఇంటివాళ్లూ నేనూ కలిసి కిందకి దించాం. మూడు నెలలు చెక్క మంచం మీద వెల్లకిలా పడుకోవాలి, వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నాడు డాక్టరు. మరి ఇల్లెలా గడుస్తుందండీ అనడిగాను. అది తన విభాగం కాదన్నాడు.

అందుకని సంచి నేను తీసుకున్నాను. "నువ్వా!" అని మా ఆయన పకపకా నవ్వాడు. నవ్వితే నడుం పట్టేసింది. "అమ్మో, అమ్మో" అని అరుస్తుంటే వేణ్ణీళ్ల సంచి తెచ్చి పెట్టాను కానీ, మనసులో మాత్రం బాగా అయిందనుకున్నాను.

మొదటిరోజు వెళ్లిన ఇంట్లో ఇల్లాలు తలుపు తీసి నా భుజం మీదుగా మెట్లవైపు చూసింది.

"మెకానిక్ గారు వెనక వస్తున్నారా?"

"వచ్చేశారు. నేనే."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. పావుగంటలో వాళ్ల పంపులోంచి ఒక తలపిన్ను, రెండు చొక్కా గుండీలు, ఒక పిల్లవాడి పన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాను. పన్ను పోయిందని వాడు నెల్లాళ్లుగా ఏడుస్తున్నాడట. ఇలా మొదటి వారం బాగానే గడిచింది. కొత్త పంపు వేయాల్సిన పని పడ్డాకే అసలు కథ మొదలైంది.

స్పేర్ పార్టుల దుకాణం బజారు చివర ఉంటుంది. ముందు పొడవాటి బల్ల, దాని వెనక గోడ కనిపించకుండా అట్టపెట్టెలు. ఒక పక్క మెకానిక్కులు కూర్చునే బెంచీ. ఇంకో పక్క తెర, ఆ తెర వెనక మంచినీళ్ల క్యాను. బల్ల వెనక కూర్చునే ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఏ పార్టు ఏ పెట్టెలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో మాత్రం రోజూ వెతుక్కుంటాడు.

ఆ దుకాణానికి మా ఆయన వెంట కొన్ని వందలసార్లు వెళ్లాను. ఏం చేయాలో నాకు కంఠస్థం. మా ఆయన ముందు సంచిలోంచి ఒక గుడ్డ తీస్తాడు. బల్ల మీద చక్కగా పరిచి, ముడతలు సరిచేసి, దాని మీద పాత పార్టు పెడతాడు. మిగతా మెకానిక్కులు జిడ్డోడుతున్న పార్టుల్ని బల్ల మీద ధడాల్న పడేస్తుంటే, మా ఆయన ఒక్కడే అలా గుడ్డ పరిచేవాడు. ఎంత శుభ్రం, ఎంత మర్యాద అని నేను మురిసిపోయేదాన్ని. పాత దుప్పట్లు చింపి ఆ గుడ్డలు చేసిపెట్టింది నేనే. ఊరికే చింపి ఇవ్వలేదు, నాలుగువైపులా అంచులు మడిచి మిషను మీద కుట్టి ఇచ్చాను. అవి అరడజను ఉండేవి.

ఆ తర్వాత బాబాయ్ ధర చెబుతాడు. మా ఆయన నుదురు కొట్టుకుంటాడు. "ఏంటి బాబాయ్, రోజురోజుకీ ఇలా మండిపోతే ఎలా బతకాలి?" అంటాడు. డబ్బు ఇస్తాడు, కొత్త పార్టు నా చేతికిస్తాడు. "నువ్వెళ్లి స్కూటర్ దగ్గర నిలబడు, నేను మంచినీళ్లు తాగొస్తా" అని తెర వెనక్కి వెళ్తాడు. ప్రతిసారీ ఇంతే. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, ఏ కాలమైనా ఆ దుకాణంలో అడుగుపెడితే చాలు ఆయనకి దాహం. ఇంత దాహం మంచిది కాదు, షుగరేమోనని భయపడి రెండుసార్లు రక్తం తీయించాను కూడా. రెండుసార్లూ ఏమీ లేదన్నారు. అయినా నాకు బెంగ తీరక ఆయన కాఫీలో చక్కెర తగ్గించాను.

సరే, మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన ఎలా చేసేవాడో అచ్చం అలాగే చేశాను. గుడ్డ పరిచాను, ముడతలు సరిచేశాను, పాత పంపు దాని మీద పెట్టాను. బాబాయ్ గుడ్డ వంక చూశాడు. నా వెనక గుమ్మం వంక చూశాడు.

"ఎవరైనా వచ్చారా అమ్మా?"

"ఎవరొస్తారు బాబాయ్ గారూ? నేనే వచ్చాను."

ఇంకోసారి గుమ్మం వంక చూసి, కాస్త గట్టిగా, వీధిలోకి వినపడేలా, "పదకొండు వందల యాభై!" అన్నాడు. నేను నుదురు కొట్టుకున్నాను. మండిపోతున్నాయన్నాను. డబ్బిచ్చాను. పంపు తీసుకుని బయల్దేరబోతుంటే ఆయన గొంతు తగ్గించి, "లోపలికెళ్లి మంచినీళ్లు తాగమ్మా" అన్నాడు.

"దాహంగా లేదండీ."

"కొంచెం తాగు."

"వద్దు బాబాయ్ గారూ, ఇంటి దగ్గర తాగే వచ్చాను."

ఆయన ముఖం అదోలా పెట్టాడు. రెండోసారి వెళ్లినప్పుడూ ఇదే వరస. మూడోసారి కళ్లతో తెరవైపు సైగలు కూడా చేశాడు. నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో ఈయనకి ఈ సైగలేమిటి? నాలుగోసారి, "నీళ్లు తాగకపోతే కిడ్నీలు పాడవుతాయమ్మా" అన్నాడు. "నా కిడ్నీల సంగతి నేను చూసుకుంటాను లెండి" అని విసురుగా వచ్చేశాను.

అప్పుడే ఆడపిల్లల హాస్టలు పని తగిలింది. ఎనిమిది మెషీన్లు, ఏడాది కాంట్రాక్టు. నెలనెలా చూసినందుకు ఇంత, పార్టు మారిస్తే ఇంత అని ముందే రేట్ల కాగితం ఇవ్వాలి. అది వస్తే మా ఆయన మంచం దిగేదాకానే కాదు, దిగాక కూడా ఇల్లు నిశ్చింతగా గడిచిపోతుంది. రాకపోతే మరుసటి నెల ఇంటద్దెకి నా చేతి గాజులు వెళ్లాలి. ఉన్నవి ఆ రెండే.

నేను దుకాణానికి వెళ్లి, గుడ్డ పరిచి, ఒక పంపూ ఒక బెల్టూ దాని మీద పెట్టి, "బాబాయ్ గారూ, అన్ని పార్టుల రేట్లూ ఒక కాగితం మీద రాసివ్వండి" అన్నాను.

"కాగితం ఎవరికి చూపిస్తావమ్మా?"

"హాస్టలు మేడమ్‌కి."

"ఓహో! అర్థమైంది, అర్థమైంది" అని తెగ తలాడించి, కళ్లద్దాలు వెతుక్కుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు. ఆ రేట్ల మీద నా కూలి ఒక్కొక్క పార్టుకి వంద మాత్రమే వేసుకుని వార్డెన్ మేడమ్‌కి ఇచ్చాను. ఇంతకంటే తక్కువకి చేసేవాడు భూమ్మీద ఉండడని నా ధీమా.

మేడమ్ కాగితం చూసి కళ్లజోడు పైకి నెట్టింది.

"పంపుకి పన్నెండు వందల యాభయ్యా? ఇంకొకాయన బిగించడంతో కలిపి తొమ్మిది వందలు రాశారే."

"తొమ్మిది వందలా! అది పంపు కాదు మేడమ్, బొమ్మ అయ్యుంటుంది."

"అదే కంపెనీ. పెట్టె కూడా చూపించారు." ఆవిడ కాగితం మడిచి నాకు తిరిగిచ్చింది. "మీ పని నాకు నచ్చిందమ్మా. ఆడపిల్లల హాస్టలు కాబట్టి మీరొస్తే నాకూ బాగుంటుంది. కానీ ఈ రేట్లు నేను పైవాళ్లకి చూపించలేను. శుక్రవారం దాకా టైమిస్తున్నా, తగ్గించి తీసుకురండి."

అది మంగళవారం. ఎలా తగ్గించను? నా చేతి నుంచి ఎదురు పెట్టాలా? ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పి లబోదిబోమన్నాను. మామూలుగా అయితే ఆయన వెంటనే ఏదో ఒక సలహా పారేస్తాడు. ఆ రోజు మాత్రం పైకప్పు వంక చూస్తూ నీళ్లు నమిలాడు.

"ఏమండీ, వింటున్నారా? అసలు కొనే ధరే పదకొండు వందల యాభై అయితే తొమ్మిది వందలకి వాడెలా బిగిస్తాడండీ?"

"ఏమో మరి. మార్కెట్టు..." అన్నాడు.

"ఏం మార్కెట్టు?"

"అంటే... మార్కెట్టు కదా" అన్నాడు. వెంటనే, "ఇదిగో, ఈసారి దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ గుడ్డ తీసుకెళ్లకు" అన్నాడు.

"ఎందుకని?"

"ఊరికే. బరువు."

చేతిరుమాలంత గుడ్డ బరువట! మందుల వల్ల బుర్ర పనిచేయడం లేదనుకున్నాను. బుధవారం సాయంత్రం సంచి సర్దుతుంటే గుడ్డ కనపడలేదు. ఇల్లంతా వెతికితే ఆయన తలగడ కింద ఉంది. చెమట తుడుచుకోవడానికి పెట్టుకున్నానన్నాడు. పోనీలే, నడుం నొప్పితో ఉన్న మనిషి కదా అని అది ఆయనకే వదిలేసి, బీరువాలోంచి ఇంకోటి తీసుకున్నాను. అరడజను కుట్టిపెట్టానని చెప్పాను కదా. ఆయన ఆ రెండో గుడ్డని చూసి కళ్లు మూసుకుని పెద్దగా నిట్టూర్చాడు.

గురువారం పొద్దున్నే దుకాణం తీస్తూనే వెళ్లి నిలబడ్డాను. కాళ్లావేళ్లా పడైనా సరే రేటు తగ్గించమని అడగాలని. బెంచీ మీద ఫ్రిజ్జు తాత కూర్చుని టీ తాగుతున్నాడు. ఈ ఊళ్లో ఫ్రిజ్జులన్నీ ఆయన చేతిమీదుగా చల్లబడ్డవే. నేను సంచి విప్పి గుడ్డ తీసేలోపు వెనకనుంచి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి, నల్లగా జిడ్డు కారుతున్న పాత పంపుని బల్ల మీద ధడేల్మని పడేశాడు. వీణ్ణి హడావిడి అంటారు. తన పెళ్లికి కూడా స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకునే వెళ్లాడట.

బాబాయ్ తలెత్తకుండానే, "ఆరు నలభై" అన్నాడు.

నేను పంపు వంక చూశాను. అదే కంపెనీ, అదే నంబరు. నాలుగుసార్లు నేను కొన్న పంపు.

"బాబాయ్ గారూ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అదే పంపు నాకు పదకొండు వందల యాభై అన్నారు. ఇతనికి ఆరు వందల నలభయ్యా? ఆడదాన్ని, ఒంటరిగా వచ్చాను కదా అని టోపీ పెడతారా? మా ఆయన పదిహేనేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాడే, ఆ మాత్రం విశ్వాసం లేదా మీకు?"

బాబాయ్ బిత్తరపోయాడు. "అదేంటమ్మా, నువ్వు గుడ్డ పరిచావు కదా!"

"పరిస్తే? శుభ్రంగా ఉన్నందుకు జరిమానానా?"

ఫ్రిజ్జు తాతకి టీ పొలమారింది. హడావిడి మొదటిసారిగా కదలకుండా నిలబడ్డాడు. బాబాయ్ నా ముఖం వంక చూసి, సంచిలోంచి సగం బయటికొచ్చిన గుడ్డ వంక చూసి, నెమ్మదిగా అడిగాడు.

"మీ ఆయన నీకు చెప్పలేదా అమ్మా?"

"ఏం చెప్పాలి?"

ముగ్గురికి ముగ్గురూ నేల వంక చూస్తున్నారు. చివరికి ఫ్రిజ్జు తాతే గొంతు సవరించుకున్నాడు.

"చూడు తల్లీ. మెకానిక్‌కి ఒక రేటు, ఇంటివాళ్లకి ఒక రేటు. మెకానిక్ ఒక్కడే వస్తే పార్టుని బల్ల మీద పడేస్తాడు. ఒక్కోసారి కస్టమర్ కూడా వెంట వస్తాడు, నా ఎదురుగానే కొను అంటాడు. అప్పుడు మెకానిక్ గుడ్డ పరుస్తాడు. గుడ్డ కనపడిందంటే పక్కన కస్టమర్ ఉన్నాడని గుర్తు. బాబాయ్ ఇంటి రేటు గట్టిగా చెబుతాడు. మిగిలింది తర్వాత మెకానిక్‌కి తిరిగిచ్చేస్తాడు."

"తర్వాత అంటే?"

తాత తెరవైపు చూశాడు. "మంచినీళ్లు తాగేటప్పుడు."

నేను బెంచీ మీద కూలబడ్డాను. మా ఆయన గుడ్డ పరవని రోజు నాకు ఒక్కటి కూడా గుర్తులేదు. పదిహేనేళ్లు, వందలసార్లు. మరి ఆయన పక్కన రోజూ నిలబడ్డ ఆ కస్టమర్ ఎవరు? కస్టమర్లెవరూ రాలేదే ఏనాడూ! నేనే కదా నిలబడ్డది. సంచి మోస్తూ, టార్చి పట్టుకుని, మరలు రాలిపోకుండా మూత పట్టుకుని నిలబడ్డ కస్టమర్ని. ఆ గుడ్డలకి అంచులు కుట్టిచ్చిన కస్టమర్ని! నాకు ఏడుపొచ్చింది. ఆ ముగ్గురి ముందు ఏడవడం ఇష్టంలేక పళ్లు బిగపట్టుకున్నాను.

"మహారాజు ఇంట్లో కూడా చెప్పలేదా!" అని హడావిడి నోరుజారాడు.

"మహారాజెవరు?"

మళ్లీ ముగ్గురూ నేల చూపులే. "మీ ఆయనే అక్కా" అన్నాడు హడావిడి. "ఇక్కడ మేమంతా అలాగే అంటాం. బెంచీ మీద ఎంతమందుంటే అంతమందికీ టీలు, బన్నులు ఆయనే ఇప్పిస్తాడు. వద్దన్నా ఊరుకోడు. రాజా చెయ్యి అక్కా ఆయనది!"

మహారాజట! ఇంట్లో నేనింకా గదిలో కూర్చునుండగానే ఫ్యాను ఆపేసి వెళ్లే మనిషి. సబ్బు అరిగిపోతే ఆ ముక్కని కొత్త సబ్బుకి అతికించే మనిషి. ఇన్నేళ్లలో బజారులో నాకొక టీ ఇప్పించిన పాపాన పోలేదు. ఇంటికెళ్లి తాగుదాంలే, బయట టీ మంచిది కాదు అనేవాడు.

బాబాయ్ లేచి తెర వెనక్కి వెళ్లి ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇది నీది. నాలుగు పంపుల తేడా. నేనేం చెయ్యనమ్మా, నువ్వు నీళ్లు తాగనంటే తాగనంటివి. కిడ్నీల దాకా వెళ్లాను కదా!" అన్నాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆయన మీద కోపం కూడా నిలవలేదు.

నేను లేచాను. గుడ్డని నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున దాచాను. సంచిలోంచి పాత పంపు తీసి, చెయ్యెత్తి, బల్ల అదిరేలా పడేశాను. జిడ్డు బాబాయ్ చొక్కా మీద చిందింది. ఆయన చొక్కా తుడుచుకోలేదు, తలెత్తనూ లేదు.

"ఆరు నలభై" అన్నాడు.

ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఫ్రిజ్జు తాత బెంచీ మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. టీ తెప్పించారు. నేను తాగుతుండగా బాబాయ్ కొత్త కాగితం మీద కొత్త రేట్లన్నీ రాసిచ్చాడు. హడావిడి ఆ కాగితాన్ని ఓరగా చూసి, "అక్కా, హాస్టలుకి రాసింది మీరేనా?" అన్నాడు. "తొమ్మిది వందలు రాసింది నువ్వేనా?" అన్నాను. వాడు మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి పరుగెత్తాడు.

ఇంటికెళ్లేసరికి మా ఆయన మేలుకునే ఉన్నాడు. నేనేమీ అనలేదు. ఆయనకి భయం వేసిందని ముఖం చూస్తేనే తెలిసింది, ఎందుకంటే నేను అరవకపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. మంచం పక్క స్టూలు జరిపాను. దాని మీద అంచు కుట్టిన గుడ్డ పరిచి, ముడతలు సరిచేశాను. ఆ గుడ్డ మీద పెద్ద జగ్గు నిండా నీళ్లు తెచ్చి పెట్టాను.

"తాగండి" అన్నాను.

ఆయన గుడ్డ చూశాడు. జగ్గు చూశాడు. గ్లాసు నింపి చేతికిస్తే తాగాడు. రెండో గ్లాసూ నింపాను. తాగాడు. మూడో గ్లాసు సగంలో, "ఇంక చాలే" అన్నాడు హీనస్వరంతో.

"అదేంటండీ, దుకాణంలో అయితే తనివి తీరేది కాదు! షుగరేమోనని నేను రెండుసార్లు పరీక్ష చేయిస్తే, ఆ సూది పొడిపించుకున్నారు కానీ నిజం చెప్పలేదు కదా?"

ఆయన గ్లాసుని గుడ్డ మీద పెట్టేశాడు.

"డబ్బు పోతే పోయింది. టీలు తాగించారు, పోనీ. కానీ నన్ను కస్టమర్ని ఎందుకు చేశారండీ? మీ పనిలో సగం నేను చేశాను. నన్ను పక్కన పెట్టుకుని నాకే ఇంటి రేటు చెప్పించారా?" అప్పుడు ఏడ్చేశాను. ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

ఆయన గుడ్డ అంచుని వేలితో తడిమాడు. "నువ్వు మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు మనకి పెళ్లయి నాలుగు నెలలు" అన్నాడు. "అసలు రేటు తెలిస్తే నాకెంత మిగులుతుందో నీకు తెలిసిపోతుంది, ప్రతి పైసాకీ లెక్క అడుగుతావని గుడ్డ పరిచాను. రెండోసారి పరవకపోతే మొదటిసారి ఎందుకు పరిచానని అడుగుతావు. అలా... ఎప్పుడు మానాలో తెలియలేదే. అక్కడ వాళ్లు మహారాజు అంటుంటే బాగుండేది కూడా. నిజంగా బాగుండేది."

"మరి హాస్టలు పోతోందని తెలిసి కూడా నోరు విప్పరా?"

"గుడ్డ దాచాను కదా! నువ్వు ఇంకోటి తీశావు. ఇన్నెందుకు కుట్టావే అసలు?"

ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ రోజు ఆయన కాఫీలో చక్కెర మాత్రం పెంచలేదు.

శుక్రవారం కొత్త కాగితం తీసుకుని హాస్టలుకి వెళ్లాను. పంపు, బిగించడానికి నా కూలి ఈసారి రెండు వందలు వేసుకున్నా, ఎనిమిది వందల నలభై. బెల్టు, రబ్బరు, స్విచ్చి అన్నీ ఇదే లెక్కన. వార్డెన్ మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"మూడు రోజుల్లో ఇంత ఎలా తగ్గిందమ్మా?"

"మధ్యలో ఒక గుడ్డ అడ్డం వచ్చింది మేడమ్, తీసేశాను" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు కానీ సంతకం పెట్టింది. బయటికొచ్చి నా గాజుల వంక ఒకసారి చూసుకున్నాను.

మూడు నెలలకి మా ఆయన మంచం దిగాడు. ఇంక జన్మలో మెషీన్లు జరపకూడదు, వంగి లోపల తల దూర్చకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మరేం చేయొచ్చండీ అని నేనడిగాను. తేలికపాటి పనులన్నాడు. టార్చి పట్టుకోవచ్చా అంటే, నిక్షేపంగా పట్టుకోవచ్చన్నాడు.

కాబట్టి ఇప్పుడు టార్చి ఆయన పట్టుకుంటాడు. మరలు వేసే మూత కూడా ఆయనదే. "ఇటు... కొంచెం అటు... నా కళ్లలోకి కాదండీ!" అని నేనంటుంటాను. మొదటిరోజు సణిగాడు. రెండోరోజు, బెల్టు బిగించడంలో నేను చేసే చిన్న కిటుకు చూసి, "అరే, ఇది నాకెప్పుడూ తట్టలేదే" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంకోసారి చెప్పమన్నాను, చెప్పలేదు.

మొన్న ఒక పంపు కోసం ఇద్దరం కలిసి దుకాణానికి వెళ్లాం. మంచం పట్టాక ఆయన అక్కడికి రావడం అదే మొదలు. బెంచీ మీదవాళ్లంతా లేచి నిలబడి "మహారాజొచ్చాడు, మహారాజొచ్చాడు" అన్నారు. మా ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని రాజులాగే నవ్వుతూ బల్ల దగ్గరికి వచ్చాడు.

నేను సంచి విప్పాను. లోపలినుంచి గుడ్డ తీశాను. పాతది కాదు, ఆ వారమే కొత్తగా కుట్టింది, నాలుగంచులూ రెండేసి వరసలు. బల్ల మీద నెమ్మదిగా పరిచాను. ముడతలు సరిచేశాను. పాత పంపుని దాని మధ్యలో పెట్టాను.

బాబాయ్ గుడ్డ చూశాడు. నన్ను చూశాడు. నా పక్కన నిలబడ్డ మా ఆయన్ని తీరిగ్గా పైనుంచి కిందిదాకా చూశాడు.

"పదకొండు వందల యాభై!" అన్నాడు గట్టిగా.

మా ఆయన నడుం మీది చెయ్యి తీసేశాడు. నేను నుదురు కొట్టుకుని, "ఏంటి బాబాయ్ గారూ, రోజురోజుకీ ఇలా మండిపోతే ఎలా బతకాలి?" అన్నాను. లెక్కపెట్టి డబ్బిచ్చి, కొత్త పంపునీ టార్చినీ సంచినీ మా ఆయన చేతిలో పెట్టాను.

"మీరెళ్లి స్కూటర్ దగ్గర నిలబడండి. నేను మంచినీళ్లు తాగొస్తాను."

ఆయన సంచి భుజానికి తగిలించుకుని వెళ్లి స్కూటర్ దగ్గర నిలబడ్డాడు.